రెండు వేళ్ళు తక్కువైన దారం

"సోమవారం మధ్యాహ్నం రెండూ యాభై రెండుకు నువ్వు యాడున్నావు?"

కన్యకమ్మ ఈ ప్రశ్న అడగడం మూడోసారి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న హనుమంతమ్మ మూడోసారీ అదే జవాబు చెప్పింది.

"ఆదోని బస్టాండులో. బస్సు కోసరం కూచోనుంటి."

"చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"ఉంటే నీకీ తిప్పలెందుకమ్మా, నాకీ ఏడుపెందుకు?"

అదీ నిజమే. కన్యకమ్మ నోటుబుక్కులో 'సాక్షి లేదు' అని రాసి, కింద గీత గీసింది. గీత గీస్తే సాక్షి పుట్టుకొస్తాడా అని తనమీద తనకే విసుగొచ్చింది.

ఎమ్మిగనూరులో హనుమంతమ్మ నడిపే ఆడవాళ్ళ నేత సంఘానికి ఇరవై రెండు మగ్గాలున్నాయి. ఆదోనిలో పారిశుద్ధ్య కార్మికులకు చీరలు కావాలని మున్సిపాలిటీ టెండరు పిలిస్తే, మొదటిసారి వీళ్ళూ వేశారు. గడువు సోమవారం మూడు గంటలు. మంగళవారం ధరలు తెరిచి చూస్తే వీళ్ళ పేరు మీదున్నది వీళ్ళు వేసిన ధర కాదు. గడువుకు ఎనిమిది నిమిషాల ముందు ఎవరో పాత ధర తీసేసి ఎక్కువ ధర పెట్టారు. అదీ హనుమంతమ్మ డిజిటల్ సంతకంతోనే. టెండరు బట్టల వ్యాపారి చంద్రమౌళికి పోయింది.

అంతటితో అయితే ఖర్మ అనుకుని ఊరుకునేవాళ్ళు. అదే సోమవారం మూడుంబావుకు, వీళ్ళ టెండరు పంపిన ఆన్‌లైన్ సెంటరు సాయిరాం తన షాపులోనే తల పగిలి పడి ఉన్నాడు. ఇవాళ బుధవారం. అతనికింకా స్పృహ రాలేదు.

ఎస్సై ప్రదీప్ లెక్క చకచకా తేలిపోయింది. హనుమంతమ్మ చివరి నిమిషంలో ధర మార్పించింది, తప్పుగా మారింది, గడువు దాటాక దిద్దలేనని సాయిరాం అన్నాడు, కోపంతో కొట్టింది. సాయంత్రం నాలుగింటికి అరెస్టు చేస్తానని ముందుగా చెప్పి మరీ పోయాడు. అరెస్టయితే సంఘం పేరు మళ్ళీ ఏ టెండరులోనూ కనిపించదు. ఇరవై రెండు మగ్గాల కింద గుంటలు మిగులుతాయి.

"కంప్యూటరుకు గుచ్చే ఆ సంతకం కీ ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది కన్యకమ్మ.

"సాయిరాం దగ్గరే."

"నీ సంతకం నీ దగ్గర పెట్టుకోలేదా?"

"ఇంట్లో పెట్టుకొని ఏం సేసుకోవల్ల, పసుపు కుంకుమ పెట్టి పూజ సేసుకోవల్లనా? ఆదోనిలో టెండర్లేసే వాళ్ళందరియ్యీ ఆడనే ఉంటాయి."

"మరి పిన్ నెంబరు?"

"కీ మీదనే పట్టీ అంటించి రాసినాడు. మరిసిపోకుండా."

కన్యకమ్మ నుదురు కొట్టుకుంది. ఒక మున్సిపాలిటీ టెండర్ల సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి ఆమె. తర్వాత ఆదోనిలో తండ్రి నాటి ధాన్యం కొట్టు మేడమీద 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు పెట్టింది. శెట్టిగారింటి ఆడపడుచు కాటా పట్టుకోవాలి గానీ దొంగల్ని పట్టుకోవడమేమిటని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. ఆమె సర్వీసులో ఉన్నప్పుడు టెండర్లు లక్క సీలు కవర్లలో వచ్చేవి. గిట్టనివాణ్ణి దారిలోనే అటకాయించేవాళ్ళు. కంప్యూటర్లు వచ్చాక ఆ గొడవ పోయిందన్నారు. ఇంటికి తాళం వేసి చెవి గడపమీద పెట్టిపోయే జనానికి కంప్యూటరు మాత్రం ఏం చేస్తుంది?

"సోమవారం షాపుకు పోయినావు కదా?"

"పోయినా. రెండూ ఇరవైకి. సాయిరాం షట్టరు సగం దించి బువ్వ తినేకి ఇంటికి పోతాండాడు. 'శనివారమే పంపించినాం కదమ్మా, ఇంగ నువ్వు పో' అన్యాడు. వచ్చేసినా."

మాట్లాడుతూనే హనుమంతమ్మ తెగిన పడుగు పోగు అతికింది. వేళ్ళు అలా కదిలి ఇలా ఆగాయి. ముడి ఎక్కడుందో కూడా కనిపించలేదు.

లోపలి నుంచి ఒక ముప్పయ్యేళ్ళ మనిషి కాగితాల ఫైలు తెచ్చి కన్యకమ్మకు అందించింది. ఆమె యశోద, హనుమంతమ్మ అక్క కూతురు, సంఘానికి కార్యదర్శి. నిన్న సాయంత్రం కన్యకమ్మ మేడ మెట్లెక్కి, "మా చిన్నమ్మ జైలుకు పోకూడదమ్మా, ఎంతైనా ఇస్తాము" అని వెక్కి వెక్కి ఏడ్చింది ఈమే.

"ఎడమ చెయ్యని అనుకోవద్దమ్మా, నాకు మొదటినుంచీ ఇదే వాటము" అంది ఫైలిస్తూ.

"కాగితాలు బాగుంటే చాలు, ఏ చెయ్యైతేనేం?"

కాగితాలు నిజంగానే బాగున్నాయి. సంఘం రిజిస్ట్రేషను, పన్ను కాగితాలు, ధరావత్తు మినహాయింపు పత్రం, గుడ్డ నాణ్యత పరీక్ష రిపోర్టు, అన్నీ వరసన కుట్టి ఉన్నాయి. తన సర్వీసులో గుమాస్తాలు కూడా ఇంత శుభ్రంగా పెట్టలేదు.

ఆదోని బస్సులో యశోద కూడా పక్కనే కూర్చుంది. ఒళ్ళో గంజి క్యారియరు ఉంది. సాయిరాం భార్య మనస్విని ఆసుపత్రిలో ఒంటరిగా ఉందని, కాసేపు సాయం కూర్చుంటానని బయలుదేరింది. సంఘం వాళ్ళ మిరపపండు రంగు చీరే కట్టుకుంది. పనిమీద ఊరు దాటితే సంఘం చీరే కట్టాలని హనుమంతమ్మ పెట్టిన కట్టుబాటు. మన గుడ్డ మనమే కట్టకపోతే ఇంకెవరు కొంటారని.

"ఈ టెండరు సంగతి మీకెట్ల తెలిసింది?" అంది కన్యకమ్మ.

"నేనే సూసినా. రెండేండ్లు సోమవారం సోమవారం ఆపీసు నోటీసు బోర్డు ముందర నిలబడినా. తర్వాత ఫోన్లో సూసేది నేర్సుకున్యా. రిజిస్ట్రేషన్లకు కర్నూలుకు పదకొండు సార్లు పోయినా." యశోద కిటికీలోంచి బయటికి చూసింది. "పేపరోల్లు వచ్చి ఫోటో తీసుకున్యారు. చిన్నమ్మను."

"నిన్ను తీసుకోలేదా?"

"నేను కెమెరా పక్కన నిలబడినా. ఎండ పడకుండా అట్ట పట్టుకొని."

చెప్పి నవ్వింది. కన్యకమ్మా నవ్వింది. ఆసుపత్రి స్టాపు రాగానే యశోద దిగి, క్యారియరు జాగ్రత్తగా పట్టుకుని రోడ్డు దాటింది.

*

సాయిరాం షాపు తాళంచెవి మనస్విని నిన్ననే ఇచ్చింది. కన్యకమ్మ షట్టరు ఎత్తేసరికి ఒంటిగంటా నలభై అయింది.

పది అడుగుల గది. ఒక బల్ల, కంప్యూటరు, ప్రింటరు. బల్ల అంచుకు ఎండిన రక్తం మరక. పోలీసులు దాని చుట్టూ సుద్దతో గీశారు. బల్ల పక్క ఇనప రాక్‌కు వరసగా కీలు వేలాడుతున్నాయి. మొత్తం ముప్పయ్యొకటి. ఒక్కొక్కటీ వేలెడంత ఉంది, ఒక్కోదాని మీద పేరు, పిన్ నెంబరు. పోస్టాఫీసులో పెన్ను కట్టేసినట్టు ప్రతి కీనీ దారంతో రాక్‌కు కట్టేశాడు. దారం పొడవు సరిగ్గా కంప్యూటరు దాకా వస్తుంది, వాకిలి దాకా రాదు. పిన్ను అందరికీ కనబడేలా రాసినవాడు, కీ మాత్రం షాపు దాటకూడదని పట్టుబట్టాడు. మంచివాడి జాగ్రత్తలు ఇలాగే ఉంటాయి.

హనుమంతమ్మ కీ ఎర్ర నూలుదారానికి ఉంది. తన సంతకం తన మగ్గం పోగుతోనే ఉండాలని నాలుగు పోగులు పేని ఆమే తెచ్చి కట్టిందట.

కన్యకమ్మ మొదటి కీ పట్టుకుని కంప్యూటరు దాకా లాగింది. అందింది. రెండోది అందింది. మూడోది, నాలుగోది, అన్నీ అందాయి. ఎర్రదారం కీ లాగింది. అందలేదు. రెండు వేళ్ళు తక్కువైంది.

ఇంకోసారి లాగింది. కీ కంప్యూటరు ముందు గాలిలో ఆగిపోయింది.

కళ్ళజోడు తుడుచుకుని దారం వెంట వేలు పోనిచ్చింది. మధ్యలో ఒకచోట చిన్న గరుకు తగిలింది. అది ముడి. చూస్తే కనిపించనంత చిన్నది.

బల్ల కిందికి వంగింది. అక్కడ దుమ్ములో పెట్టెంత చదరం శుభ్రంగా ఉంది. అక్కడుండాల్సిన వస్తువు లేదు. తీగలు రెండు గోడనుంచి వేలాడుతున్నాయి.

ఎదురుగా సోడాల బండి భీమమ్మ ఈమె వంకే చూస్తోంది. కన్యకమ్మ పోయి నిమ్మసోడా అడిగింది.

"భీమమ్మా, సాయిరాం ఇన్వర్టరు ఏమైంది?"

"ఆదివారం రిపేరుకిచ్చినాడు. ఇంగా రాలేదు."

"సోమవారం కరెంటు పోయిందా?"

"పోకుండా ఉంటుందా? రెండూ నలభైకి పోయి మూడూ అయిదుకొచ్చింది. నా ఐసు సగం నీళ్ళాయ."

"టైము అంత కచ్చితంగా చెప్తాండావే?"

"రోజూ ఏ టైముకు పోతాదో రాసి పెట్టల్లని లైన్‌మన్‌తో కొట్లాడినా. రాసి పెట్టినా, సూడు." బండి రేకు మీద సుద్దముక్కతో రాసిన అంకెలు చూపించింది. "వచ్చినాక అయిదు నిమిసాలకు సాయిరాం ఇంటినుంచి వచ్చినాడు. ఇంగో అయిదు నిమిసాలకు ఆ సంగమ్ ఆడమనిసి బయటికొచ్చి బిరబిరా పోయింది."

"హనుమంతమ్మేనా?"

"మిరపపండు సీర. పోలీసాయనకూ అదే సెప్పినా."

"మొహం చూసినావా?"

భీమమ్మ సోడా గోలీ నొక్కి ఆగింది. "సీర సూసినా" అంది నెమ్మదిగా.

*

రెండున్నరకే జీపు వచ్చి ఆగింది. ముందు ప్రదీప్ దిగాడు, వెనక హనుమంతమ్మ దిగింది. మగ్గం మీంచి లేపుకొచ్చినట్టున్నారు, ఆమె కొంగుకు ఇంకా పోగులు అంటుకునే ఉన్నాయి.

"నాలుగన్నావు కదప్పా?" అంది కన్యకమ్మ.

"మీకు టైమిస్తే సాక్షుల్ని తయారుచేస్తారని భయమేసింది ఆంటీ." ప్రదీప్ గుంటూరు వైపునుంచి బదిలీ మీద వచ్చి ఆరునెలలైంది. ఉద్యోగంలో చురుకు, నోట్లో ఇంకా చురుకు. "పంచనామా అయిపోయిన చోట మీకేం పని?"

"నీ పంచనామాలో కరెంటు సంగతి ఉందా?"

"కరెంటేంటి?"

"సోమవారం రెండూ నలభైనుంచి మూడూ అయిదు దాకా ఈ వీధిలో కరెంటు లేదు. ఇన్వర్టరు రిపేరులో ఉంది. రెండూ యాభై రెండుకు ఈ కంప్యూటరు పనిచేసిందని నువ్వు కోర్టులో చెప్తావా?"

ప్రదీప్ కానిస్టేబుల్ వైపు చూశాడు. కానిస్టేబుల్ గోడమీద క్యాలెండరు వైపు చూశాడు.

"ధర మార్చింది ఈడ కాదు" అంది కన్యకమ్మ. "కీ బయటికి పోయింది. ఎట్ల పోయింది? దారం కోస్తే పోయింది. మళ్ళీ తెచ్చి, ముడేసి తగిలించినారు. ముడికి దారం ఖర్చయింది. లాగి చూడు, రెండు వేళ్ళు తక్కువ. ముడేస్తాండగా సాయిరాం వచ్చినాడు. తోపులాటలో బల్లకు తగిలి పడినాడు."

ప్రదీప్ కీ పట్టుకుని లాగి చూశాడు. ఒకటికి రెండుసార్లు లాగాడు. ముడి వెతకడానికి అతనికి నిమిషం పట్టింది. తల ఎత్తేసరికి మొహంలో నవ్వు తిరిగి వచ్చింది.

"భలే పట్టారు ఆంటీ. ఇంత చిన్న ముడి నేను వేయగలనా? మీరు వేయగలరా? మా కానిస్టేబుల్ వేయగలడా? ఇది నేతపని వాళ్ళ ముడి. ఈ షాపులోకి వచ్చే నేతపని మనిషి ఎవరు?" హనుమంతమ్మ వైపు తిరిగాడు. "కోసిందీ ఈవిడే, ఎక్కడో ధర మార్పించిందీ ఈవిడే, తెచ్చి ముడేసిందీ ఈవిడే. నాకు తక్కువైన సాక్ష్యం మీరే ఇచ్చారు."

కన్యకమ్మ తవ్విన గోతిలో తన మనిషే పడింది. నిజమే, ఈ ముడి నేతగాళ్ళదే. పొద్దున తన కళ్ళతోనే చూసింది.

"తన ధర తనే ఎందుకు పెంచుకుంటుంది?" అంది, మాటలో పట్టు తగ్గకుండా.

"చంద్రమౌళి ఏదో ముట్టజెప్పి ఉంటాడు. అదీ కక్కిస్తాను."

"సూడనీయండి సామీ" అంది హనుమంతమ్మ.

అప్పటిదాకా మూల నిలబడ్డ మనిషి ముందుకొచ్చింది. ఎర్రదారం రెండు వేళ్ళమధ్య పట్టుకుంది. కళ్ళతో చూడలేదు. బొటనవేలితో ఒక్కసారి తడిమింది, అంతే. అరవయ్యేళ్ళ ఆ మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నేనే సామీ" అంది హనుమంతమ్మ. "నేనే కోసినా. నేనే ముడేసినా. పోదాం పాండి."

"హనుమంతమ్మా!"

"నువ్వు ఊరుకోమ్మా. మాకోసరం శానా తిరిగినావు. ఇంగ సాలు."

ప్రదీప్ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కన్యకమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున మూడుసార్లు అడిగినా ఒక్క అక్షరం మార్చని మనిషి, ముడి తడమగానే ఎందుకు ఒప్పుకుంది? భయపడి కాదు. ఆ మొహంలో ఉన్నది భయం కాదు. కన్నబిడ్డ దొంగతనం చేసి దొరికితే తల్లి మొహం అట్లా ఉంటుంది.

"ఒక్క నిమిషం ప్రదీపూ. తర్వాత నీ ఖైదీ నీది." హనుమంతమ్మ కొంగుకు అంటిన పోగు ఒకటి లాగి, తెంపి, రెండు ముక్కలూ ఆమె చేతిలో పెట్టింది. "అతుకు."

"ఎందుకమ్మా?"

"నువ్వే వేసినానంటివి కదా. ఇంకొకటి వెయ్యి."

హనుమంతమ్మ వేళ్ళు కదల్లేదు. ముప్పయ్యేళ్ళ సర్వీసున్న గుమాస్తాను సంతకం చేయమంటే తటపటాయించినట్టుంది. తప్పుగా వేయాలని చూసిందేమో, వేళ్ళు మాట వినలేదు. అలవాటు కొద్దీ ముడి పడిపోయింది.

కన్యకమ్మ ఆ ముడి తీసుకుని ఎర్రదారం ముడి పక్కన పట్టింది. కళ్ళజోడు తీసి, దాని అద్దం భూతద్దంలా ముడిమీద పెట్టింది. "ప్రదీపూ, ఇట్ల రా. ఇది ఆమె ఇప్పుడు వేసింది. పై కొస ఏ పక్కకు పోయింది?"

"కుడికి."

"కీ దారానిది?"

ప్రదీప్ వంగి చూశాడు. దారం తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మారలేదు. "ఎడమకి" అన్నాడు. ఈసారి ఆంటీ అనలేదు.

"అద్దంలో చూసినట్టు లేదూ? ఎడమచేతి వాటం మనిషి వేసిన ముడి అది."

చెబుతున్న మాట నోట్లో ఉండగానే కన్యకమ్మకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. ఎడమ చెయ్యని అనుకోవద్దమ్మా. వరసన కుట్టిన కాగితాలు. మిరపపండు రంగు చీర. కెమెరా పక్కన అట్ట పట్టుకుని నిలబడిన మనిషి. పక్క సీట్లో గంట ప్రయాణం చేసింది, తను నవ్వింది కూడా.

హనుమంతమ్మ నేలమీద కూలబడింది.

"పన్నెండేండ్లప్పుడు నా గుంటలోనే కూచోబెట్టుకొని నేర్పించినా" అంది. "కుడిసేత్తో వేయమే అని కొట్టినా. రాలేదు. పోనీలే, ముడి నిలబడితే సాలనుకున్యా. మా ఇండ్లల్లో ఆ పక్కకు ముడేసేది అదొక్కతే అమ్మా. అదొక్కతే." కొంగు నోట్లో కుక్కుకుంది. "అది తిరిగింది. నేను పేరు తీసుకున్యా. ఒక్కసారన్నా దాన్ని ముందర నిలబెట్టల్లని నాకు తోసలేదు."

"యశోద నా దగ్గరికి నిన్ను కాపాడమనే వచ్చింది" అంది కన్యకమ్మ. "ఆ ఏడుపు అబద్ధం కాదు. టెండరు పోగొట్టాలనుకుంది. నువ్వు జైలుకు పోతావని అనుకోలేదు."

"చంద్రమౌళి ఆవిడకేం చెప్పాడో..." ప్రదీప్ టోపీ అందుకున్నాడు. "ఇప్పుడెక్కడుంది ఆవిడ?"

కన్యకమ్మ జవాబు చెప్పేలోపు ఆమె ఫోను మోగింది. మనస్విని. గొంతులో ఏడుపూ నవ్వూ కలిసి ఉన్నాయి.

"అమ్మా, కండ్లు తెరిసినాడమ్మా! నన్ను సూసి నీళ్ళు అడిగినాడు. డాక్టరు సూదిమందు రాసిచ్చినాడు, నేను కింద మందులంగట్లో ఉన్యా. జనం శానా ఉన్యారు."

"లోపల ఎవరున్నారు మనస్వినీ?"

"యశోదక్క ఉంది. గంజి తాపుతా అంటే సరే అన్యా. నిద్ర సెడతాదని తలుపు కూడా ఏసుకుంది పాపం."

"మందు వదిలెయ్. పైకి పరిగెత్తు. నర్సును పిలుచుకుని పో. తలుపు తీయించు. ఎందుకని అడగొద్దు."

అందరూ జీపెక్కారు. అరెస్టు చేయడానికి తెచ్చిన మనిషిని ప్రదీప్ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆసుపత్రి అయిదు నిమిషాల దూరం. దారిలో పత్తి ట్రాక్టర్లు అడ్డం పడి ఉన్నాయి.

"హనుమంతమ్మా, యశోదకు ఫోన్ చెయ్యి" అంది కన్యకమ్మ. "తిట్టొద్దు, అడగొద్దు. ఊరికే మాట్లాడించు. మాట్లాడినంత సేపూ దాని చెయ్యి ఖాళీగా ఉండదు."

హనుమంతమ్మ నెంబరు నొక్కింది. రెండుసార్లు మోగాక అటునుంచి ఎత్తారు. ఆమె కళ్ళు తుడుచుకుని, రోజూ పిలిచినట్టే పిలిచింది.

"యశీ, తిన్యావా పాపా?"

అటు వెనక ఎవరో మూలుగుతున్నారు. ఎవరో బయటినుంచి తలుపు బాదుతున్నారు.

"నా ముడి సూసినావు గదా చిన్నమ్మా?" అంది యశోద. గొంతు చాలా మెల్లగా ఉంది. "సిన్నప్పట్నించీ అది సూసినప్పుడే నీ గొంతు ఇట్లయితాది."

"పాపా, తలుపు తియ్యి. నేను వస్తాండాను. అంతా నేనే సేసినానని సెప్పేసినా. నీకేం కాదు."

"నువ్వు సెప్తే ఏం లాభము చిన్నమ్మా?" అంది యశోద. "సాయిరాం నా మొగం సూసి, యశోదా అని నా పేరు పిలిసినాడు."

ఫోను కట్టయింది.